ఏడు నీళ్ల కందులు

నాలుగో నీళ్లు పారబోశాను. ఇంకా గులాబీ రంగే.

ఆ తొలకరిలో రోజూ పొద్దున్నే నా పని అదే. మూడు గిన్నెల కందులు టబ్బులో పోసి, నీళ్లు నింపి, రెండు చేతులా గట్టిగా రుద్ది, నీళ్లు మార్చడం. ఏడుసార్లు మార్చాలని అమ్మ చెప్పింది. ఏడో నీళ్లు తేటగా కనబడితే కందుల్ని నులక మంచం మీద పాత చీర పరిచి ఎండబోయాలి. సాయంత్రం అమ్మ వాటిని ఇసుర్రాయిలో పోసి పప్పు చేసేది. మర్నాడు మళ్లీ మూడు గిన్నెలు. నా అరచేతులు సరిగా పండని గోరింటాకులాగా తయారయ్యాయి. సబ్బుతో కడిగినా, బూడిదతో తోమినా ఆ రంగు పోలేదు. టబ్బు నీళ్లు గోడ పక్కన పారబోస్తే, అవి వాలుకు పారి పక్కింటి నాగేశ్వరమ్మ పెద్దమ్మ దడి దగ్గర చిన్న మడుగు కట్టేవి.

అవి తినే కందులు కావు, విత్తే కందులు. జూన్ నెలలో బాన్సువాడ చుట్టుపక్కల ఇంకా నాట్లు మొదలుకాలేదు. అందుకని అమ్మ, మా కాలనీ ఆడవాళ్లు అయిదుగురితో కలిసి ట్రాలీ ఆటోలో మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లి దిక్కు విత్తనాలు పెట్టే కూలికి పోయింది. నాలుగు రోజులు రైతు కొట్టంలోనే పడుకుని పనిచేశారు. ఆ రైతు రాజేశ్వర్ పటేల్, అమ్మను మావ్శీ అని పిలిచేవాడట, మరాఠీ వాళ్లు పిన్నిని పిలిచినట్టు. పోయిన ఏడు మిగిలిన కంది విత్తనం సరిగా మొలవడం లేదని అతను కొట్టం మూలకు పడేసి ఉంచాడు. అమ్మ దాన్ని చూసి అడిగింది. మందు పట్టించింది, తినేది కాదు మావ్శీ అని అతను చెప్పాడు. తినం పటేలా, పెరట్లో పెట్టుకుంటం అని అమ్మ చెప్పింది.

మాకు పెరడు లేదు. రేకుల ఇల్లు, ముందర నాలుగడుగుల జాగా, వెనక తడకల బాత్రూం, దాని అవతల మురికినీళ్లు పోయే మోరీ.

పటేలును ఎట్లా మాయ చేసిందో అమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. కానీ నేను మాట్లాడే మనిషిని కాదు. మా ఊరి బడిలో పదో తరగతి దాకా చదివినన్నాళ్లూ వర్ష అనే పిల్ల ఒకతి ఉందని సార్లకు హాజరు పిలిచినప్పుడే గుర్తొచ్చేది.

ఇన్ని కందులు మా ముగ్గురి కోసం కాదు. మా కాలనీలో ఇరవై నాలుగు కుటుంబాలకు ఒక చిన్న ప్రార్థన మందిరం ఉంది. నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక అందరం చాపల మీద కూర్చుని కలిసి తింటాం. ఆ భోజనం ఒక్కో నెల ఒక్కో ఇంటి వంతు. ఒకసారి పెట్టిన ఇంటికి వంతు తిరిగి వచ్చేసరికి రెండేళ్లు పడుతుంది. పోయినసారి మా వంతుకు అమ్మ కోడికూర పెట్టింది. పిల్లలు మూడోసారి కూడా అడిగి వేయించుకున్నారు. అరవై మంది తిన్నాక కూడా గంజు అడుగున ముక్కలు మిగిలితే అమ్మ వాటిని ముసలివాళ్ల ఇళ్లకు పంపింది.

ఆ రెండేళ్లలో ధరలు ఎంత పెరిగాయో మా చాపల మీద కూర్చున్నవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, విస్తట్లోనే కనబడేది. కోడికూర పోయి గుడ్డు వచ్చింది. కొన్నాళ్లకు గుడ్డును దారంతో రెండుగా కోసి పెట్టారు. తర్వాత గుడ్డు పోయి ఆలుగడ్డ వచ్చింది, ఆలుగడ్డ పోయి పప్పు వచ్చింది, పప్పు పలచబడి చారయింది. కూర తగ్గినకొద్దీ మా పాస్టరు దయానంద్ అయ్యగారి ప్రార్థన పొడుగైతుందని మా బాపు ఇంట్లో మెల్లగా అనేవాడు.

కందిపప్పు కిలో రెండు వందల దగ్గరికి పోయిన నెలలో వంతు నాగేశ్వరమ్మ పెద్దమ్మకు పడింది. ఆమెకు భర్త లేడు. ఎనిమిది కోళ్లు పెంచి గుడ్లు అమ్ముకుంటుంది. ఆమె పచ్చిపులుసు పెట్టింది. మా అమ్మ గంగమణి నోరు ఊరుకునేది కాదు.

"నాగేశ్వరక్కా, నీ పులుసుల చింతపండును ఎతుకనీకె బ్యాటరీలైటు పట్టుకొని రావాలె."

చాపల మీద అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది గాని, ఎత్తిన గరిటె ఆమె చేతిలో కాసేపు అట్లాగే ఆగిపోయింది. నేను ఎదురుగా కూర్చున్నాను కాబట్టి చూశాను.

జూలై మొదటి ఆదివారం మా వంతు. ఆ మాట అన్నాక అమ్మకు పులుసు పెట్టే దారి లేదు, చారు పెట్టే దారీ లేదు. బాపు ఇమ్మానుయేలు రైస్ మిల్లులో హమాలీ. యాసంగి వడ్లు అయిపోయాక వారానికి రెండు రోజులు పని దొరికితే ఎక్కువ. నేను టైలర్ నరేష్ అన్న దుకాణం నుంచి జాకెట్లు తెచ్చి హుక్కులు, కాజాలు కుట్టేదాన్ని. జాకెట్టుకు ఆయన ఇచ్చేది మూడేళ్లుగా ఒకటే. ఇంట్లో నూనె పదిరూపాయల ప్యాకెట్లలోకి వచ్చింది. గ్యాస్ చాయకు మాత్రమే ముట్టించేవాళ్లం, అన్నం కట్టెల మీదే. టమాటలు కిలో లెక్కన కొనడం మానేసి నాలుగైదు ఏరుకుని తూకం వేయించుకునేవాళ్లం. అట్లాంటి ఇంట్లో అరవై మందికి పప్పు ఎక్కడినుంచి వస్తుంది?

దయానంద్ అయ్యగారు ఒకరోజు ఆయనే ఇంటికి వచ్చారు. రోజులు బాగలేవు, ఈసారి చాయ, బిస్కెట్ పెట్టినా దేవుడు ఏమీ అనడని నెమ్మదిగా చెప్పారు. అమ్మ ఆయనకు కుర్చీ తుడిచి వేసింది.

"దేవుడు అనడయ్యగారు. మనుషులంటరు. నేనన్నగద."

ముద్దపప్పు పెడతానని, అడిగినవాళ్లకు అడిగినంత పెడతానని ఆయనకు మాట ఇచ్చింది.

కందులు కడగడం మొదలుపెట్టిన అయిదో రోజు పొద్దున నాగేశ్వరమ్మ పెద్దమ్మ ఎర్రపెట్ట మడుగు పక్కన పడిపోయి కనబడింది. రెక్కలు పరుచుకుని, మెడ ఒకపక్కకు తిప్పుకుని ఉంది. దాని వెనక తిరిగే పిల్లల్లో రెండు నిలబడలేక తూలుతున్నాయి. మధ్యాహ్నానికి అవీ పోయాయి. పెట్టను చూసినప్పుడు నా చేతిలో టబ్బు ఉంది. అందులో మూడో నీళ్లు ఉన్నాయి. వాటిని ఎక్కడ పారబోయాలో తెలియక అట్లాగే నిలబడ్డాను.

పెద్దమ్మ కోడిని కాళ్లు పట్టి ఎత్తి చూసింది. తెగులేమో అని బాధపడింది. పిల్లలు పెరిగితే మళ్లీ రోజు విడిచి రోజు గుడ్డు పెట్టే పెట్ట. పారేస్తే ఏమొస్తుంది, ఇంకా వెచ్చగానే ఉంది కాబట్టి కోసి కూర చేస్తానంది. మాకూ ఒక గిన్నె పంపుతానంది.

అప్పుడే అమ్మ ఇంట్లోంచి గబగబా బయటికి వచ్చింది.

"వద్దక్కా. పాతిపెట్టు."

"మంచిగనే ఉన్నదే, గంగమణీ."

"వద్దంటున్నగద. పాతిపెట్టు."

మా అమ్మ దేన్నీ పారేసే మనిషి కాదు. గంజిని పారేయదు, చిరిగిన చీరను పారేయదు, ఆలుగడ్డ పొట్టుతో కూడా పచ్చడి నూరుతుంది. ఆమె కోడిని పాతిపెట్టమంది. ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది, అమ్మకు తెలుసని. అప్పటిదాకా నాకు కందులంటే భయం. ఆ పొద్దుటి నుంచి అమ్మంటే భయం వేసింది.

ఆ రోజే అమ్మ మోరీ పక్కన చిన్న గుంత తవ్వింది. ఇకనుంచి నీళ్లు అందులో పోసి పైన మట్టి కప్పమంది.

మధ్యాహ్నం కందుల సంచి అడుగున చెయ్యి పెట్టి వెతికాను. విత్తనాల ప్యాకెట్టుకు కుట్టే చీటీ ఒకటి దొరికింది. దాని మీద ఎర్రరంగు గుర్తు, పుర్రె బొమ్మ ఉన్నాయి. కింద ఇంగ్లీషు, దాని కింద చీమల బారులాంటి తెలుగు. రాత్రి అన్నాలకు ముందు అమ్మకు చదివి వినిపించాను. విషమందు కలిపిన విత్తనం, మనుషులు తినడానికి గాని, పశువుల మేతకు గాని, నూనెకు గాని వాడరాదు అని ఉంది. అమ్మ పొయ్యిలో కట్టె ముందుకు తోసింది.

"మందు పొట్టుకుంటది బిడ్డా. పొట్టు తీసినంక పప్పుకేముంటది? వరి మీద ఎన్నిసార్లు మందు కొడుతున్నరు. గా వడ్ల బియ్యం తింటలేమా?"

ఆమె చెప్పింది తప్పని నిరూపించే చదువు నాకు లేదు. కానీ ముందురోజు నేను కుట్టిన తెల్ల జాకెట్టు లోపలి గుడ్డ మీద నా వేలిముద్ర గులాబీగా పడింది. నరేష్ అన్న అది చూసి, ఏం పట్టుకుని కుడుతున్నవు చెల్లె, రంగు డబ్బానా అని విసుక్కున్నాడు. ఏడు నీళ్లు కడిగి, సబ్బు పెట్టి తోమిన చెయ్యి అది.

బాపుకు చెబితే ఏమైనా అవుతుందనుకున్నాను. ఆయన చీటీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకు చదువు రాదు. పుర్రె బొమ్మను మాత్రం చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"వంతు తప్పిందంటే ఆ చాప మీద ఎట్ల కూసుంటం, వర్షా? మీ అమ్మకు తెల్వదా ఏంది?"

అంతే. మర్నాడు కూడా కందులు కడిగాను. రుద్దుతుంటే మందిరంలో కూర్చునే పిల్లలందరి పేర్లూ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చేవి.

ఆ ఆదివారానికి ముందు బుధవారం. బాపు మిల్లుకు పోయాడు. మధ్యాహ్నం అమ్మ గ్యాస్ పొయ్యి ముట్టించింది. చాయకు కాదు. చిన్న గిన్నెలో గుప్పెడు పప్పు ఉడకబెట్టింది. ఉప్పు, కారం తప్ప ఏమీ వేయలేదు. అన్నంలో అంతా కలుపుకుని, గిన్నె కూడా వేలితో తుడిచి తినేసింది. నువ్వు తిన్నావా అని నన్ను అడగలేదు. మా అమ్మ నన్ను ఆ మాట అడగకుండా తిన్నది నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదొక్కసారే.

తిన్నాక పోయి గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుంది. నేను లోపల జాకెట్టు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. సూది గుచ్చుతున్నాను గాని కళ్లు ఆమె మీదే ఉన్నాయి. ఆమె రెండు చేతులూ ముందుకు చాపుకుని, ఒక్కొక్క వేలూ మడిచి తెరిచి చూసుకుంటోంది. కాసేపటికి కాళ్ల వేళ్లు కదిపి చూసుకుంది. గొంతు తడిమి చూసుకుంది. ఆమె ఏం చేస్తున్నదో నాకు అప్పుడు అర్థమైంది. అరవై మందికి పెట్టే ముందు తను తిని చూస్తోంది. నాకు లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చోవాలనిపించింది. ఇంకో హుక్కు అందుకున్నాను. గుమ్మం మీది ఎండ ఆమె మోకాళ్ల నుంచి పాదాలకు, పాదాల నుంచి వాకిట్లోకి పోయేదాకా ఇద్దరం అట్లాగే ఉన్నాం. నేను కుట్టిన హుక్కులు ఒక్కటీ కాజాలకు ఎదురుగా లేవు. మొత్తం విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

మూడు దాటాక ఆమె లేచి బాత్రూం దిక్కు పోయింది. చాలాసేపటికి మొహం కడుక్కుని వచ్చింది.

"చూసినవా? నాకేమన్న అయిందా?"

"కాలేదమ్మా" అన్నాను.

ఆమె ఇసుర్రాయి దగ్గర కూర్చున్నాక నేను బాత్రూంకి పోయాను. మోరీ మూతి దగ్గర అప్పుడే చల్లిన బూడిద ఉంది. చీపురు పుల్లతో కదిపితే కింద పసుపు రంగు అన్నం కనబడింది. మళ్లీ బూడిద సరిచేసి వచ్చాను. ఆ సాయంత్రం అమ్మ చాయ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగింది. ఎండదెబ్బ అని బాపుకు చెప్పింది.

శనివారం సాయంత్రానికి పప్పు తయారైంది. ఆరు కిలోల పైనే. పచ్చగా మెరుస్తోంది. వంతు ముందు రోజు ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ చాటలు పట్టుకుని వచ్చి పప్పు, బియ్యం చెరిగిపెట్టడం మా కాలనీలో అలవాటు. అప్పటికి నాట్లు మొదలయ్యాయి. అందరూ నస్రుల్లాబాద్ దిక్కు పొలాలకు పోయి నడుములు పడిపోయి ఉన్నారు. నాగేశ్వరమ్మ పెద్దమ్మ ఒక్కతే వచ్చింది. తనను అందరి ముందు నవ్వులపాలు చేసిన మనిషి ఇంటికి, తన చాట తను పట్టుకుని వచ్చింది.

ముగ్గురం గడప లోపల కూర్చున్నాం. ఆమె చాటలో పప్పు పోసుకుని రెండుసార్లు ఎగరేసి చూసింది.

"పప్పు బంగారమున్నట్టున్నది. గింత ఏడ దొరికింది, గంగమణీ?"

"డోంగ్లి పటేలిచ్చిండు, అక్క."

"అయితే రేపు బ్యాటరీలైటు ఇంట్లనే ఇడిసిపెట్టి వస్త, తియ్."

అమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. పెద్దమ్మ ఆ మాటతో తన బాకీ తీర్చేసుకున్నట్టు తేలికపడింది. రుద్రూర్ నుంచి కూతురు రాత్రి బస్సుకు వస్తున్నదని, నాలుగేళ్ల మనుమరాలిని కూడా తెస్తున్నదని చెప్పింది. ఆ పిల్లకు పప్పన్నం ఉంటే ఇంకేమీ అక్కర్లేదట. ఆ మాటలు చెబుతూనే, ఆడవాళ్లందరూ చెరిగేటప్పుడు చేసినట్టే, చాటలోంచి నాలుగు పప్పుబద్దలు తీసి నోట్లో వేసుకోబోయింది.

నేను అమ్మ దిక్కు చూశాను. అమ్మ ఆ చేతిని చూస్తోంది. నోరు తెరిచింది.

"పెద్దమ్మా," అన్నాను. "నీ కోడి ఈ కందుల నీళ్లే తాగింది."

చెయ్యి గాలిలో ఆగిపోయింది. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. పెద్దమ్మ నన్ను చూసింది. ఒడిలో ఉన్న నా అరచేతుల్ని చూసింది. గోడకు బోర్లించిన టబ్బును చూసింది. వేళ్లలోని పప్పుబద్దలు ఒక్కొక్కటే చాటలో రాలిపోయాయి. అమ్మ తల ఎత్తలేదు. తన చాట చెరుగుతూనే ఉంది. అందులో పప్పు ఎప్పుడో అయిపోయింది.

పెద్దమ్మ చీర చెంగుతో వేళ్లు తుడుచుకుంది. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. లేచి నిలబడింది.

"చేతులు కడుక్కో, గంగమణీ" అని మాత్రం అని, చాట అక్కడే వదిలేసి పోయింది.

బాపు వచ్చాక నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. అమ్మ పప్పు సంచి తనే ఎత్తుకుని మోరీ అవతలికి నడిచింది. ఆయన గడ్డపార తీసుకుని వెంట పోయాడు. మిగిలిన కందులూ, ఆరు కిలోల పప్పూ మోకాలి లోతు గుంతలో పోసి మట్టి కప్పారు. కోళ్లు గీకకుండా పైన బండరాయి పెట్టారు. తిరిగి వచ్చి ఎవరమూ అన్నం తినలేదు. అమ్మ నన్ను తిడుతుందని, కొడుతుందని చూశాను. నా పక్కనుంచి పోయినప్పుడల్లా నేను అక్కడ లేనట్టే పోయింది. పొద్దున మందిరంలో ఎంతమందికి తెలిసి ఉంటుందో, అమ్మను ఏమంటారో, ఇకమీదట కూలికి ఆమెను ఎవరు పిలుస్తారో. ఇదంతా నా ఒక్క మాటతో అయింది. మాట్లాడకపోతే ఏమయ్యేదో అనుకుంటే దానికంటే భయం వేసేది.

ఆదివారం తెల్లవారుతుండగా నాగేశ్వరమ్మ పెద్దమ్మ వచ్చింది. లోపలికి రాలేదు. ఒక గుడ్డమూట, నాలుగు పెద్ద ఉల్లిగడ్డలు గడప మీద పెట్టింది. మూటలో చింతపండు ఉంది. ఏడాదికని దాచుకున్న ముద్దలో నుంచి విరిచినట్టు అంచులు కొత్తగా ఉన్నాయి.

"బెల్లం నీ ఇంట్లది ఏసుకో" అంది అమ్మతో. ఎవరికైనా చెప్పిందో లేదో ఆమె చెప్పలేదు.

అమ్మ ఆ మూట లోపలికి తెచ్చుకుంది. తర్వాత పెద్ద గంజు కడిగి చింతపండు నానబెట్టింది. నేను ఉల్లిగడ్డలు కోశాను, మిరపకాయలు కాల్చాను. బాపు అన్నం గంపతో ముందే పోయాడు. మందిరంలో మైకు పెట్టారు. మొదటి పాట అయిపోయింది, రెండోది మొదలైంది. అమ్మ గంజులో చెయ్యి పెట్టి చింతపండు పిసుకుతోంది. ఆమె వేళ్లు వణుకుతున్నాయి. బుధవారం నుంచీ వణుకుతూనే ఉన్నాయి. ఎన్ని రోజులకు ఆగుతాయో, ఆగుతాయో లేదో నాకు తెలియదు.

పులుసు వడగట్టింది. రుచి చూసింది. బెల్లం ఇంకొంచెం వేసింది. చేతిలో చింతపండు పిప్పి మిగిలింది. దాన్ని పారేయలేదు. నా దగ్గరికి వచ్చి, నా కుడిచెయ్యి లాక్కుని అరచేయి పైకి తిప్పింది. ఆ పిప్పితో రుద్దడం మొదలుపెట్టింది. ఇత్తడి చెంబు తోమినట్టు, అంచుల నుంచి మధ్యకు, మధ్య నుంచి వేళ్ల సందుల్లోకి. మండింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కుడిది అయ్యాక ఎడమది. గులాబీ రంగు పూర్తిగా పోలేదు గాని, కింద నా చర్మం రంగు కనబడింది.

అమ్మ నా చేతులు వదిలేసింది. తన చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుంది. పాత చీరపేలిక చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద గంజు ఎత్తుకుంది. రెండు చేతులతో అంచులు పట్టుకుని గడప దాకా నడిచి, అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత మందిరం దిక్కు వెళ్లిపోయింది.